తిరగేసి తొడుక్కున్న చొక్కాలు

మన సంఘాల సమావేశాల్లో ఆటల ప్రసక్తి దాదాపు రాదు. వరకట్నం, ఇంట్లో హింస, కూలి రేట్లు, భూమి పట్టాలు, సారా – ఇన్ని ఉండగా బంతి వెనకాల పరిగెత్తేవాళ్ళ సంగతి మనకెందుకని ఎవరైనా అడిగితే తప్పుపట్టలేను. ఆ ఆడేవాళ్ళు అమెరికాలోనో కెనడాలోనో ఉన్నవాళ్ళయితే, "వాళ్ళకేం తక్కువ?" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. నాకూ ఫుట్‌బాల్ గురించి తెలిసింది తక్కువే. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ రెండుసార్లు చెప్పించుకుంటాను. కానీ అమెరికాలో ఏటా జరిగే ఒక మహిళల టోర్నమెంటు చుట్టూ కొన్నేళ్ళుగా నడిచిన గొడవ గురించి చదువుతుంటే, ఇది ఆటల పేజీలో కాదు, కార్మికుల వార్తలున్న పేజీలో రావలసిన విషయం అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ఆ టోర్నమెంటు పేరు షీబిలీవ్స్ కప్. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2016 మార్చిలో మొదలుపెట్టింది. తమ జట్టుతో ఆడటానికి మరో మూడు దేశాల మహిళా జట్లను పిలుస్తారు. మొదటి ఏడాది ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ వచ్చాయి. ఇక్కడ గెలిచినంత మాత్రాన ప్రపంచ కప్పులో చోటు దొరకదు, ఓడినంత మాత్రాన పోదు. ఇలాంటివాటిని ఫుట్‌బాల్ భాషలో 'ఫ్రెండ్లీ' అంటారు – స్నేహపూర్వక పోటీలు. స్నేహం మాట ఎలా ఉన్నా టిక్కెట్లు అమ్ముతారు, టీవీ హక్కులు అమ్ముతారు, మైదానం చుట్టూ కంపెనీల ప్రకటనలుంటాయి. నిర్వాహకులకిది వ్యాపారం. ఆడేవాళ్ళకి డ్యూటీ. ఈ రెండు సంగతులూ 'స్నేహపూర్వక' అన్న మాట వెనక కనిపించకుండా పోతాయి.

పేరు కథ ఇంకా బాగుంటుంది. ఆడపిల్లల్లో ఆత్మవిశ్వాసం పెంచాలని సమాఖ్య 2015లో ఒక ప్రచారం మొదలుపెట్టి, దానికి 'ఆమె నమ్ముతుంది' అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టింది. టోర్నమెంటుకీ అదే పేరు వచ్చింది. మొదటి టోర్నమెంటు ముగిసి నెల తిరక్కుండానే అదే జట్టులోని ఐదుగురు పేరున్న క్రీడాకారిణులు – కార్లీ లాయిడ్, అలెక్స్ మోర్గన్, మేగన్ రపినో, హోప్ సోలో, బెకీ సావర్‌బ్రన్ – తమకు పురుషుల జట్టుకన్నా తక్కువ జీతాలిస్తున్నారని, ఉద్యోగాల్లో వివక్షను విచారించే ప్రభుత్వ కమిషన్ ముందు ఫిర్యాదు పెట్టారు. ఆడపిల్లలు తమని తాము నమ్ముకోవాలని చెప్పినవాళ్ళు, వాళ్ళు ఇంత తొందరగా నమ్ముకుంటారని ఊహించి ఉండరు.

తేడా ఏపాటిదో ఒక్క లెక్క చూస్తే చాలు. 2014లో పురుషుల ప్రపంచ కప్పు గెలిచిన జర్మనీకి అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా ఇచ్చిన బహుమతి 3 కోట్ల 50 లక్షల డాలర్లు. మరుసటి ఏడాది మహిళల ప్రపంచ కప్పు గెలిచిన అమెరికాకి ఇచ్చింది 20 లక్షల డాలర్లు. ఈ తేడా ఫిఫాది, మాది కాదని అమెరికా సమాఖ్య అనేది. యజమాని కాంట్రాక్టరుని చూపించడం, కాంట్రాక్టరు యజమానిని చూపించడం మనకి కొత్త కాదు కదా!

కమిషన్ దగ్గర మూడేళ్ళు గడిచాయి. 2019 మార్చి 8న, అంతర్జాతీయ మహిళా దినోత్సవం రోజున, జట్టులోని 28 మంది కలిసి కోర్టులో దావా వేశారు. ఆ ఏడాది షీబిలీవ్స్ కప్ ముగిసి మూడు రోజులే అయింది. ఆ జూలైలో వాళ్ళు మళ్ళీ ప్రపంచ కప్పు గెలిచారు. ఫ్రాన్సులోని లియాన్ మైదానంలో ఫైనల్ అయిపోగానే ప్రేక్షకులు జట్టు పేరు బదులు 'సమాన వేతనం' అని అరిచారు.

ఇక 2020 మార్చి. కోర్టుకి సమర్పించిన కాగితాల్లో సమాఖ్య లాయర్లు రాసిన మాటలు బయటికొచ్చాయి. పురుషుల జట్టులో ఆడటానికి ఎక్కువ నైపుణ్యం, వేగం, బలం కావాలట. ఆ ఉద్యోగంలో బాధ్యత కూడా ఎక్కువట. కాబట్టి రెండూ ఒకే పని కాదట. నాలుగుసార్లు ప్రపంచ కప్పు గెలిచిన జట్టు గురించి, ఆ జట్టు పేరు చెప్పుకుని ఆడపిల్లలకి ఆత్మవిశ్వాసం నేర్పుతున్న సంస్థే ఇలా రాసింది. మార్చి 11న టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో జపానుతో షీబిలీవ్స్ కప్ చివరి మ్యాచ్. మ్యాచ్‌కి ముందు క్రీడాకారిణులు పై చొక్కాలు తిరగేసి తొడుక్కుని వచ్చి వరసగా నిలబడ్డారు. సమాఖ్య ముద్ర లోపలికి పోయింది. నాలుగు ప్రపంచ కప్పులకు గుర్తుగా ఉన్న నాలుగు నక్షత్రాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక్క నినాదం లేదు, ఒక్క ప్లకార్డు లేదు. తర్వాత మ్యాచ్ ఆడారు, 3–1తో గెలిచారు. మర్నాడు సమాఖ్య అధ్యక్షుడు కార్లోస్ కోర్డేరో రాజీనామా చేశాడు.

అంతటితో గెలిచేశారనుకోకండి. 2020 మే 1న ఫెడరల్ జడ్జి సమాన వేతనం వాదనని విచారణదాకా రాకుండానే కొట్టేశాడు. ఆయన చెప్పిన కారణం మనందరం చదవదగ్గది. ఆ ఏళ్ళలో మొత్తం మీద చూసినా, మ్యాచ్‌కి సగటున చూసినా మహిళల జట్టుకే కాస్త ఎక్కువ డబ్బు ముట్టిందని ఆయన లెక్క. నిజమే, ముట్టింది. ఎందుకు ముట్టింది? వాళ్ళు ఎక్కువ మ్యాచ్‌లు ఆడారు, ఎక్కువ గెలిచారు, ప్రపంచ కప్పులు తెచ్చారు. పురుషుల జట్టు 2018 ప్రపంచ కప్పుకి అర్హత కూడా సంపాదించలేదు. అంటే రెట్టింపు పని చేసి మగవాడి కూలికి చేరుకున్న ఆడకూలిని చూపించి, ఇద్దరికీ సమానంగానే ఇస్తున్నాం కదా అన్నట్టే.

ఆ తీర్పులో ఇంకో సంగతి ఉంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. పురుషుల జట్టుకి ఆడిన మ్యాచ్‌కి ఇంత, గెలిస్తే ఇంత అని ఇచ్చే పద్ధతి. మహిళల జట్టు తమ యూనియన్ ద్వారా బేరమాడి నెలజీతం, దెబ్బతగిలితే భద్రత, ప్రసూతి సమయంలో కొంత ఆదాయం వచ్చే పద్ధతి తీసుకుంది. మీరే కదా ఆ పద్ధతి ఎంచుకున్నారు, ఇప్పుడు బోనస్‌లు తక్కువని ఎలా అంటారు అని జడ్జి అడిగాడు. మగ ఆటగాళ్ళలో చాలామందికి పెద్ద క్లబ్బుల జీతాలుంటాయి, దేశం తరఫున ఆట వాళ్ళకి పైసంపాదన. ఆడవాళ్ళకి క్లబ్బుల్లో వచ్చేది చాలా తక్కువ, దేశపు జట్టే జీవనాధారం. కడుపొస్తే ఆట ఆగుతుంది. అలాంటప్పుడు నెలనెలా వచ్చే జీతం కావాలనుకోవడం ఎంపిక అవుతుందా, గతిలేక పట్టుకున్న కొమ్మ అవుతుందా? ఆడవాళ్ళు భద్రత అడిగారు కాబట్టి వాళ్ళ వేతనం కోసుకోవచ్చన్న ఈ తర్కం బట్టల ఫ్యాక్టరీలోనూ వినిపిస్తుంది, ప్రైవేటు స్కూల్లోనూ వినిపిస్తుంది.

క్రీడాకారిణులు పై కోర్టుకి వెళ్ళారు. చివరికి 2022 ఫిబ్రవరి 22న, మళ్ళీ షీబిలీవ్స్ కప్ మధ్యలోనే, రాజీ కుదిరింది. అడిగింది 6 కోట్ల 60 లక్షల డాలర్లకు పైగా. ఒప్పుకున్నది 2 కోట్ల 40 లక్షలు. సగానికి చాలా తక్కువ కాబట్టి సంపూర్ణ విజయం అనను. అయితే ముందుముందు రెండు జట్లకూ ఒకే రేటు అన్న ఒప్పందం మే నెలలో జరిగింది. ప్రపంచ కప్పుల బహుమతి సొమ్ము కూడా కలిపి పంచుకోవాలని రాసుకున్నారు. ఆ ఏడాది చివర్లో పురుషుల జట్టు కతార్‌లో సంపాదించిన 1 కోటి 30 లక్షల డాలర్లలో సమాఖ్య వాటా పోగా మిగిలింది రెండు జట్లూ సమానంగా పంచుకున్నాయి. మహిళల జట్టుకి ఏనాటినుంచో ఉన్న పిల్లల సంరక్షణ ఏర్పాటు ఈ ఒప్పందంతో పురుషుల జట్టుకీ వచ్చింది. ఆడవాళ్ళ పోరాటంవల్ల మగవాళ్ళకి పిల్లల్ని ఎత్తుకునే వీలు కలగడం ఇందులో నాకు బాగా నచ్చిన విషయం.

ఇక కెనడా సంగతి. నిజానికి ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది అదే.

కెనడా మహిళల జట్టు 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. 2023 జూలైలో ప్రపంచ కప్పు. దానికి తయారీగా ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో షీబిలీవ్స్ కప్ ఆడటానికి వచ్చారు. అప్పుడే సమాఖ్య బడ్జెట్ కోసింది. శిక్షణ శిబిరాలు తగ్గాయి, శిబిరానికి పిలిచే క్రీడాకారిణులు తగ్గారు, సిబ్బంది తగ్గారు. వీటికి తోడు 2022లో చేసిన పనికి డబ్బు ఇంకా చేతికి రాలేదు. 2021లో పురుషుల జట్టు మీద పెట్టిన ఖర్చులో తమ మీద సగం కూడా పెట్టలేదని క్రీడాకారిణులు చెప్పారు. ఆ సమాఖ్య ప్రకటనల హక్కుల్నీ, ప్రసార హక్కుల్నీ ఏటా ఇంతని కట్టే ఒక ప్రైవేటు కంపెనీకి ఏళ్ళ తరబడి రాసిచ్చేసింది. జట్టు ఎంత గెలిచినా, ఆ గెలుపు తెచ్చే ఆదాయం జట్టు దగ్గరికి వచ్చే దారి మూసుకుపోయిందన్నమాట. చెరువుని వేలానికి ఇచ్చేశాక చేపలు బాగా పెరిగితే ఊరివాళ్ళకి ఏమొస్తుంది?

ఫిబ్రవరి 10న జట్టు సమ్మె ప్రకటించింది. కెప్టెన్ క్రిస్టీన్ సింక్లేర్. అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో ఆడవాళ్ళలో గానీ మగవాళ్ళలో గానీ ఆమె కొట్టినన్ని గోల్స్, 190, ఎవరూ కొట్టలేదు. మర్నాడే సమాఖ్యతో సమావేశం. చట్ట ప్రకారం మీకు ఇప్పుడు సమ్మె చేసే హక్కు లేదు, గురువారం మ్యాచ్ ఆడకపోతే కోర్టుకి వెళతాం, నష్టపరిహారం లక్షల డాలర్లలో మీ సంఘం నుంచీ, శిబిరంలో ఉన్న ఒక్కొక్కరి నుంచీ వసూలు చేస్తామని చెప్పారని క్రీడాకారిణులు బయటపెట్టారు. అది భరించే శక్తి తమకి లేదని చెప్పి సమ్మె విరమించారు. గమనించండి – ఇది స్నేహపూర్వక పోటీ! గెలిచినా ఓడినా పోయేదేమీ లేని మ్యాచ్‌కి రానందుకు దేశానికి ఒలింపిక్ స్వర్ణం తెచ్చినవాళ్ళ ఇల్లూ వాకిలీ పోయేంత పరిహారం!

దీని పక్కనే ఇంకొకటి పెట్టి చూడాలి. అంతకు ఎనిమిది నెలల ముందు, 2022 జూన్ 5న, అదే కెనడా పురుషుల జట్టు పనామాతో వాంకూవర్‌లో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడవలసి ఉంది. డబ్బు విషయం తేలక వాళ్ళు మైదానానికి రాలేదు. ప్రేక్షకులు దారిలో ఉండగా మ్యాచ్ రద్దయింది. నాలుగు రోజుల తర్వాత వాళ్ళు తమ తర్వాతి మ్యాచ్‌కి వచ్చి ఆడారు. ఒకే సమాఖ్య, ఒకే దేశం. ఇంతకంటే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఫిబ్రవరి 16న ఆర్లెండోలో అమెరికాతో మ్యాచ్. ఆ వారం శిక్షణలో కెనడా క్రీడాకారిణులు చొక్కాలు తిరగేసి తొడుక్కున్నారు. మ్యాచ్ రోజు 'ఇక చాలు' అని రాసిన ఊదారంగు చొక్కాలు వేసుకుని జాతీయ గీతానికి నిలబడ్డారు. ఆట మొదలయ్యేముందు రెండు జట్లూ మైదానం మధ్యలో ఒకే వలయంగా నిలుచున్నాయి. ఎదుటి జట్టువాళ్ళు ఆరేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగివచ్చినవాళ్ళు కదా, వాళ్ళకి విడిగా చెప్పాల్సింది ఏముంటుంది! ఆ టోర్నమెంటులో స్నేహపూర్వకం అనదగ్గది ఏదైనా ఉంటే అదొక్కటే, అది నిర్వాహకుల కార్యక్రమంలో లేదు. మ్యాచ్‌లో కెనడా 2–0తో ఓడింది. నెలాఖరుకి వాళ్ళ సమాఖ్య అధ్యక్షుడు నిక్ బాంటిస్ రాజీనామా చేశాడు. మార్చి 9న సింక్లేర్‌తో సహా నలుగురు క్రీడాకారిణులు పార్లమెంటరీ కమిటీ ముందు కూర్చుని వివరాలు చెప్పారు. తాత్కాలిక ఒప్పందం మాత్రం జూలై చివర్లో, ప్రపంచ కప్పు జరుగుతుండగా గానీ కుదరలేదు.

ఆడవాళ్ళు మైదానంలోనే ఎందుకు అడుగుతారు, ఆఫీసులో కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. 1971లో మెక్సికోలో ఏం జరిగిందో ఆయనకి చెప్పాను. ఆ ఏడాది అక్కడ మహిళల ప్రపంచ పోటీ జరిగింది. ఫిఫా దాన్ని గుర్తించలేదు. అయినా అజ్టెకా మైదానంలో ఫైనల్ చూడటానికి సుమారు లక్షా పదివేలమంది వచ్చారు. ఇంత జనం టిక్కెట్లు కొంటుంటే మాకేమిటని మెక్సికో అమ్మాయిలు ఫైనల్ ముందు డబ్బు అడిగారు, ఇవ్వకపోతే ఆడమన్నారు. దేశం పరువు తీస్తున్నారని పత్రికలు విరుచుకుపడ్డాయి. వాళ్ళు వెనక్కి తగ్గి ఆడారు, డెన్మార్క్ చేతిలో ఓడిపోయారు. మైదానం నిండి ఉన్నప్పుడు అడిగితేనే ఈ గతి. ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే ఎవరు వింటారు?

'దేశం పరువు' అన్న ఈ మాట దగ్గరే మనకీ వాళ్ళకీ చుట్టరికం కలుస్తుంది. దేశం కోసం ఆడుతున్నావు, అది గౌరవం, గౌరవానికి బేరమేమిటి అని వాళ్ళతో అంటారు. మన దగ్గర అంగన్‌వాడీ కార్యకర్తకి ఇచ్చేదాన్ని జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు. 1975లో పథకం మొదలైనప్పటినుంచీ ఆమె చేసేది సేవే గానీ ఉద్యోగం కాదని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్ళకి గ్రాట్యుటీ ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో నెలకి 11,500 రూపాయలతో పనిచేస్తున్న కార్యకర్తలు అదీ, జీతం పెంపూ అమలు చెయ్యమని 2023 డిసెంబరు 12న సమ్మెకి దిగితే, 2024 జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. గౌరవం ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆమె స్వచ్ఛంద సేవకురాలు. సమ్మె చేసినప్పుడు మాత్రం అత్యవసర ఉద్యోగి! ఆర్లెండోలో ఫుట్‌బాల్ చొక్కా తొడుక్కున్న అమ్మాయిదీ ఇదే అనుభవం. ఆమె ఆదాయం, ఈమె ఆదాయం ఒకటి కాదని నాకు తెలుసు. ఆ జట్లలో ప్రకటనలవల్ల బాగా సంపాదించేవాళ్ళు కొందరున్నారనీ తెలుసు. కానీ ఇద్దరినీ లొంగదీసుకోవడానికి వాడే మాటలు ఒక్కలాంటివే.

మన దేశపు అమ్మాయిల మాటేమిటి? వాళ్ళూ ఇలాంటి స్నేహపూర్వక టోర్నమెంట్లకి వెళుతున్నారు. 2021 నవంబరులో బ్రెజిల్‌లోని మనౌస్‌లో నాలుగు దేశాల పోటీకి వెళ్ళారు. బ్రెజిల్ 6–1తో ఓడించింది. మన ఒక్క గోల్ పంజాబు అమ్మాయి మనీషా కల్యాణ్ కొట్టింది. బ్రెజిల్ జట్టులో ఫోర్మిగా అనే ఆమెకి అదే ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్. ఏడు ప్రపంచ కప్పులు ఆడిన ఆ మనిషి 1978లో పుట్టింది. ఆమె పుట్టేనాటికి బ్రెజిల్‌లో ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడటం చట్టరీత్యా నిషేధం. 1941లో పెట్టిన ఆ నిషేధం 1979దాకా ఎత్తెయ్యలేదు. మనకి అలాంటి నిషేధపు చట్టమేదీ లేదు. 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా మహిళల పోటీలో రెండో స్థానం వచ్చింది, 1983లో మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు పట్టించుకోకపోవడమే మనవాళ్ళు పెట్టిన నిషేధం. 2024 ఫిబ్రవరిలో టర్కీలోని అలన్యాలో జరిగిన స్నేహపూర్వక టోర్నమెంటులో మన జట్టు రెండో స్థానంలో నిలిచింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి దేశపు జట్టుకి ఆడిన గుగులోత్ సౌమ్య పేరు మన సభల్లో ఎంతమందికి తెలుసు?

మన క్రీడాకారిణులు ఇంకా సమాన వేతనం అడిగే చోటికి రాలేదు. వేతనం అనేదే ఇప్పుడిప్పుడు మొదలైంది. మన దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో మహిళల లీగ్‌లోని పెద్ద జట్లకి ఒక నియమం పెట్టింది – ఒక్కో జట్టు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులతో ఏడాదికి 3 లక్షల 20 వేలకి తగ్గకుండా కాంట్రాక్టు రాసుకోవాలని. మంచిదే. కానీ మైదానంలోకి దిగేది పదకొండుమంది, బెంచీ మీద కూర్చునేవాళ్ళు ఇంకా ఉంటారు. ఫిఫా 2021 నుంచీ క్రీడాకారిణులకి కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, అందులో మూడింట రెండువంతుల జీతం ఇవ్వాలని నిబంధన తెచ్చింది. అది వర్తించేది కాంట్రాక్టు ఉన్నవాళ్ళకే. కాంట్రాక్టు కాగితం లేని అమ్మాయికి దెబ్బ తగిలినా, పెళ్ళయినా, కడుపొచ్చినా ఇంటికి పంపడానికి ఎవరూ నోటీసు కూడా ఇవ్వక్కర్లేదు.

కార్యకర్తలకి నాదొక సూచన. మీ జిల్లాలో ఆడపిల్లలు ఫుట్‌బాల్, కబడ్డీ, హాకీ ఏది ఆడుతున్నా ఒకసారి మైదానానికి వెళ్ళండి. ప్రయాణపు ఖర్చు ఎవరు పెడుతున్నారు, చొక్కాలు మార్చుకోవడానికి గది ఉందా, లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉందా, కాంట్రాక్టు రాసుకున్నవాళ్ళు ఎవరు, అది వాళ్ళకి తెలిసిన భాషలో ఉందా అని అడగండి. మొదటిసారి వెళ్ళినప్పుడు కోచ్ దూరంగా ఉండేటట్టు చూసుకుంటే పిల్లలు కాస్త మాట్లాడతారు.